అతుకులు చూసేవాడి బొటనవేలు

షాంపూ పొట్లం మూల మీద 'ఇక్కడ చింపండి' అని రాసి, చిన్న గీత గీసి, పక్కన కత్తెర బొమ్మ కూడా వేస్తారు. అక్కడ తప్ప అది ఎక్కడైనా చిరుగుతుంది. ఒక్కోసారి ఎక్కడా చిరగదు. టమాటా సాస్ పొట్లమైతే గీత దగ్గర గట్టిగా ఉండి, అతికిన చోట విచ్చుకుని చొక్కా మీదికి వస్తుంది. వీటిని తయారుచేసేవాళ్లు ఒక్కసారైనా తలకి నీళ్లు పోసుకుని, కళ్లు మూసుకుని, తడి చేతుల్తో తమ పొట్లాన్ని తామే చింపి చూశారా అని నాకు చాలాకాలంగా అనుమానం. పోయిన ఏడాది నవంబరులో ఆ అనుమానం కొంచెం ముదిరింది. పొట్లం చింపడానికి బొటనవేలు కావాలి. నా కుడిచేతికి అది లేకుండా పోయింది.

అనుమానపడటం నా ఉద్యోగం. చిలకలూరిపేట దారిలో ఒక స్పిన్నింగ్ మిల్లులో పంతొమ్మిదేళ్లుగా క్వాలిటీ సూపర్‌వైజర్‌ని. దారం తెగినప్పుడు రెండు కొసల పురినీ గాలితో విప్పి, ఒకదానిలో ఒకటి కలిపి, మళ్లీ పురిపెట్టి అతికే చిన్న పరికరాలు మా దగ్గర వందలుంటాయి. ఆ అతుకులు నిలుస్తాయా లేదా చూడటం నా పని. చూడటమంటే రెండు చేతుల్తో పట్టుకుని లాగడం. మంచి అతుకు కంటికి కనిపించకూడదు, వేలికి తగలకూడదు, లాగితే దారం ఇంకెక్కడైనా తెగాలి గానీ అక్కడ తెగకూడదు. పంతొమ్మిదేళ్లు ఇలా లాగాక మనిషికి లోకంలో ఏ అతుకు మీదా పెద్దగా నమ్మకం మిగలదు.

నవంబరులో, పత్తి లారీలు మిల్లు గేటు దగ్గర బారులు తీరిన రోజుల్లో, ఒక మెషిన్ బెల్టుకి దూది చుట్టుకుంది. మెషిన్ ఆగిందనుకుని దూది పీకబోయాను. మెషిన్ అలా అనుకోలేదు.

బెల్టు కింద నుంచి నా వేలు వెతికి తీసినవాడు దేవదానం. మా అతుకు పరికరాల ఫిట్టర్, నాతోపాటే మిల్లులో చేరినవాడు. ఆదివారం చర్చిలో పాడతాడు, మిగతా ఆరు రోజులు మా మీద అరుస్తాడు. మిల్లులో దేనికైనా దూదే మందు. నూనె ఒలికితే దూది, చెయ్యి గీసుకుంటే దూది, కొత్త బేరింగ్ దాచాలంటే దూది. అందుకని వాడు నా వేలిని కూడా శుభ్రమైన దూదిలో చుట్టి, గేటు ముందున్న కూల్‌డ్రింక్ షాపు ఐస్ పెట్టెలో పడేసి, ఆ పెట్టెతో సహా గుంటూరు తెచ్చాడు.

ఆసుపత్రిలో డాక్టరమ్మ చిమ్టాతో వేలి మీద పోగులు ఒక్కొక్కటే తీస్తూ, "ఎవరు చుట్టింది?" అని అడిగింది.

"నేనేనండి. ఫస్ట్ క్వాలిటీ దూదండి మేడమ్," అన్నాడు దేవదానం.

ఇది చదివేవాళ్లు ఇంకేమీ గుర్తుపెట్టుకోకపోయినా ఇది పెట్టుకోండి. తెగిన భాగాన్ని తడిపి పిండిన శుభ్రమైన గుడ్డలో చుట్టాలి, దాన్ని ప్లాస్టిక్ కవర్లో వేసి మూతి కట్టాలి, ఆ కవర్ని ఐసులో పెట్టాలి. ఐసు వేలికి తగలకూడదు. దూది అసలు తగలకూడదు. నా వేలు ఎలాగూ నలిగిపోయింది, సరిగ్గా తెచ్చినా అతికేది కాదని డాక్టరమ్మ దేవదానం ముందు రెండుసార్లు అంది. అది నిజమో, వాడి మొహం చూసి అన్న మాటో నాకిప్పటికీ తెలియదు. అడగలేదు. కొన్ని అతుకులు లాగి చూడకూడదు.

ఫిబ్రవరిలో, గాయం మానాక, ఆవిడే పిలిచి ఇంకో మాట చెప్పింది. కాలి బొటనవేలి పక్కనుండే రెండో వేలిని ఎముకతో, నరాలతో, రక్తనాళాలతో సహా తీసి చేతికి బొటనవేలుగా పెట్టొచ్చట. నడకకు ఇబ్బంది ఉండదు, చెప్పులు కూడా వేసుకోవచ్చు.

ఇంటికొచ్చి చెబితే మా ఆవిడ లలిత చాలాసేపు తన కాళ్ల వంక చూసుకుంది. "పెళ్లిలో నా రెండో వేలికి మీరు మెట్టె తొడిగారు. ఇప్పుడు మీ చేతికి నేను తొడగాలా?" అని నవ్వి, వంటింట్లోకి వెళ్లి ముక్కు చీదుకుంది. పచ్చడికి మిరపకాయలు వేయిస్తున్నానంది. పొయ్యి మీద పాలున్నాయి.

నాన్నగారికి చెప్పడం అంత తేలిగ్గా జరగలేదు. ఆయన అమరావతికి ఇవతల కృష్ణ ఒడ్డున ఒక ఊళ్లో శివాలయం అర్చకుడు. డెబ్భై ఆరేళ్లు. నేను చెప్పిందంతా కళ్లు మూసుకుని విన్నారు.

"కాలి వేలు," అన్నారు.

"అవునండి."

"చేతికి."

"అవును."

"ఆ చేత్తోనే తీర్థం పుచ్చుకుంటావు."

"కుడిచెయ్యే కదండీ."

"రేపు నేను పోయాక తర్పణం ఎటునుంచి వదుల్తావురా? బొటనవేలికీ చూపుడువేలికీ మధ్యనుంచి. అంటే నాకు నీళ్లు నీ కాలి పక్కనుంచి వస్తాయి."

"ఆ వేలు లేకపోతే అటువైపు గట్టే ఉండదు కదా నాన్నగారూ. నీళ్లు మోచేతికి పోతాయి."

ఆయన కళ్లు తెరిచి నా చెయ్యి చూశారు. "అదీ ఉంది," అన్నారు.  వద్దనలేదు, సరేననలేదు. ఏమీ అనని మనిషిని అనుమానించినంత తేలిగ్గా అన్నీ అనే మనిషిని అనుమానించలేం. ఆయనకి ఇది అసహ్యంగా ఉందని నిర్ణయించుకుని ఇంటికి వచ్చేశాను.

ఏప్రిల్‌లో, ఆపరేషన్‌కి ముందు, డాక్టరమ్మను అడగాల్సినవి ఒక కాగితం మీద రాసుకుని వెళ్లాను. తోడు దేవదానం వచ్చాడు. వేటపాలెం నుంచి మిర్యాలగూడ దాకా అందరూ దగ్గేది ఆ వెయిటింగ్ హాల్లోనేనేమో అనిపించింది. మిర్చి లారీ ఒకటి వీధిలోంచి పోతే చాలు, టోకెన్ నంబర్ల ప్రకారం తుమ్ముతారు.

"మీది ముడా, కుట్టా?" అని లోపలికి వెళ్లగానే మొదలుపెట్టాను.

"కుట్టే. ప్రతి కుట్టుకీ ఒక ముడి," అంది డాక్టరమ్మ.

"ముడి దగ్గర లావవుతుంది కదండీ. మా మిల్లులో ముళ్లు మానేసి చాలాకాలమైంది."

ఆవిడ నా వంక కొంచెం ఆసక్తిగా చూసింది. "ముడి బయటివైపు ఉంటుంది. రక్తం పోయే దారి నున్నగా ఉండాలి. ఒక కొస లోపలి పొర రెండో కొస లోపలి పొరనే తాకాలి. బయటి పొర అంచు వెంట్రుకంత లోపలికి మడిచినా అక్కడ రక్తం గడ్డకడుతుంది. గొట్టం వెడల్పు మిల్లీమీటరుకి అటూ ఇటూ. చుట్టూ ఎనిమిదో తొమ్మిదో కుట్లు, మైక్రోస్కోప్‌లో చూస్తూ. ఆ దారం కింద పడితే మీకు కనబడదు."

"వేరే పద్ధతి లేదా?"

"సిరలకి రింగులున్నాయి. రెండు చిన్న రింగులు, అంచున సన్నటి ముళ్లుంటాయి. ఒక్కో కొసని ఒక్కో రింగులోంచి తీసి, అంచు బయటికి తిప్పి ఆ ముళ్లకి గుచ్చి, రెండిటినీ దగ్గరికి నొక్కేస్తే అతుక్కుంటాయి. తొందరగా అయిపోతుంది."

"ప్రెస్ బటన్‌లాగా," అన్నాను. నాకది నచ్చింది.

"అన్ని సిరలకీ సరిపోదు. మీది లోపల చూసి నిర్ణయిస్తాను."

లోపల చూసి చెబుతాననే మాట నేనిదివరకు లారీ మెకానిక్కుల దగ్గర విన్నాను. కాగితంలో తర్వాతి ప్రశ్నకి వెళ్లాను. "అతుకు టెస్ట్ చేస్తారా?"

"చేస్తాం. అతుకు దాటాక కొంత మేర రెండు చిమ్టాలతో రక్తం ఖాళీ చేసి, అతుకు వైపు చిమ్టా వదుల్తాం. గొట్టం వెంటనే నిండితే సరే."

"లాగి చూడరా?"

"లాగితే మళ్లీ మొదట్నుంచి కుట్టాలి."

ఇంతసేపూ ఊరుకున్న దేవదానం గొంతు సవరించుకున్నాడు. "మేడమ్, ఇంత సన్న పని మొదట్లో దేని మీద నేర్చుకుంటారండి?"

"కోడి కాళ్ల మీద. కోడి తొడలో దాదాపు ఇదే సైజు రక్తనాళం ఉంటుంది."

"మరి ఆ కోళ్లు ఇప్పుడు ఎట్టా ఉన్నాయండి?"

డాక్టరమ్మ పెన్ను కింద పెట్టి నవ్వింది. పుట్టి బుద్ధెరిగాక గుడ్డు కూడా ముట్టని నేను, ముక్కూ మొహం తెలియని కోళ్లకు రుణపడ్డానని ఆ రోజు తెలిసింది.

ఆపరేషన్‌కి పది గంటలు పట్టిందట. నేను మేలుకునేసరికి కట్టులోంచి ఒక వేలు బయటికి తొంగిచూస్తోంది. ఎన్నేళ్లుగానో తెలిసినవాడే, కానీ ఉద్యోగం మారాక ఎదురుపడితే చప్పున గుర్తుపట్టలేం, అలా ఉంది.

తర్వాత రెండు రోజులు గుంటూరు ఎండాకాలంలో కిటికీలు మూసి, ఏసీ ఆపి, వేలి మీదికి ఒక దీపం కూడా పెట్టారు. చలి తగిలితే రక్తనాళాలు ముడుచుకుంటాయట. కాఫీ వద్దు, టీ వద్దు, పొగ తాగేవాళ్లు దగ్గరికి రావద్దు. మిల్లు నుంచి చూడ్డానికి వచ్చినవాళ్లని సిస్టర్ గుమ్మంలోనే వాసన చూసి ఆపేసేది. "బీడీనా?" "లేదమ్మా, మానేశా." "ఎప్పుడు?" "ఇప్పుడే, మెట్ల దగ్గర."

ఆ సిస్టర్ గంటకోసారి వచ్చి వేలి కొస నొక్కేది. నొక్కితే తెల్లబడాలి, వదిలితే రెండు సెకన్లలో ఎర్రబడాలి. చూసి, "బాగుంది" అనేది. తొమ్మిదింటికి బాగుంది. పదింటికి బాగుంది. పదకొండింటికీ అదే మాట, అదే గొంతు. మిల్లులో రిపోర్టు నిండా ఒకే అంకె కనబడితే మెషిన్ దగ్గరికి ఎవరూ పోలేదని అర్థం. వీళ్లంతా కూడబలుక్కున్నారని నాకు అనుమానమొచ్చింది. లలిత మొహం చూశాను. అదీ బాగున్నట్టే నటిస్తోంది. ఇక లాభం లేదని నేనే ఎడమచేత్తో నొక్కి, గోడ గడియారం చూస్తూ లెక్కపెట్టడం మొదలుపెట్టాను. పావుగంటకోసారి. తర్వాత అయిదు నిమిషాలకోసారి.

సిస్టర్ పట్టేసుకుంది. "మీరు నొక్కకండి సార్. అది కాలింగ్ బెల్ కాదు."

ఆవిడ తలుపు దాటేదాకా ఆగి మళ్లీ నొక్కాను.

మూడో రోజు పొద్దున లలిత నాన్నగారిని వెంటబెట్టుకుని వచ్చింది. విభూతి పొట్లం ఆయన చేతిలోనే ఉండిపోయింది, సిస్టర్ దగ్గరికి రానివ్వలేదు. స్టూలు మీద కూర్చున్నారు. నన్ను ఎలా ఉందని అడగలేదు. వేలి వంకే చూస్తూ కూర్చున్నారు. ఒక గంట. రెండు గంటలు. ఎంగిలి విస్తరి వంక చూస్తున్నట్టున్నారని నాకనిపించింది.

ఆ పొద్దున మాత్రం నాకు వేరే సంతోషముంది. నొక్కి వదిలితే రెండు సెకన్లకు వచ్చే రంగు ఒక సెకనుకే వస్తోంది. మధ్యాహ్నానికి ఒక సెకను కూడా పట్టడం లేదు, నొక్కిన వేలు తీసేలోపే వచ్చేస్తోంది. పంతొమ్మిదేళ్లలో మొదటిసారి ఒక అతుకుని నమ్మాను. "ఎక్స్‌పోర్ట్ క్వాలిటీ," అని లలితకి ప్రకటించాను.

"ఒరేయ్, రంగు మారింది," అన్నారు నాన్నగారు.

"మారితే మంచిదే. రక్తం బాగా వస్తోంది."

"నేను వచ్చినప్పుడు కుంకుమలా ఉంది. ఇప్పుడు నేరేడుపండులా ఉంది."

"మీకు ఆ వేలు నచ్చలేదు నాన్నగారూ. అది చెప్పండి."

ఆయన లేచి, కింద పడిన ఉత్తరీయం కూడా తీసుకోకుండా వరండాలోకి వెళ్లారు. యాభై ఏళ్లు మైకు లేకుండా మంత్రం చదివిన గొంతు అది. "అమ్మా! ఎవరమ్మా ఇక్కడ! మావాడి వేలు నల్లబడుతోంది, రండమ్మా!"

సిస్టర్ పరుగున వచ్చి నొక్కింది. ఈసారి 'బాగుంది' అనలేదు. ఆ ఒక్క మాట లేకపోతే గది ఎంత ఖాళీగా ఉంటుందో అప్పుడు తెలిసింది. సూదితో గుచ్చితే నల్లటి రక్తం చుక్క గబుక్కున పైకి వచ్చింది. అయిదు నిమిషాల్లో డాక్టరమ్మ నా పక్కనుంది.

"ధమని బాగానే ఉంది. రక్తం లోపలికి పోతోంది, బయటికి రావడం లేదు. సిర అతుకు దగ్గర గడ్డకట్టింది."

"తొందరగా ఎర్రబడుతోంటే మంచిదనుకున్నానండి."

"అందరూ అదే అనుకుంటారు. కొళాయి బాగా వస్తోందని సంతోషిస్తారు, తూము మూసుకుపోయిందని చూడరు. మళ్లీ తెరవాలి, ఇప్పుడే. ఇంకో రెండు మూడు గంటలు ఆలస్యమైతే వేలు దక్కదు."

స్ట్రెచర్ మీద వెళుతూ నాన్నగారి వంక చూశాను. ఆయన వేలినే చూస్తున్నారు.

తర్వాతది లలిత చెప్పింది. నాన్నగారు ఆపరేషన్ గది తలుపుకి ఎదురుగా కూర్చుని, మంచినీళ్లు కూడా ముట్టలేదట. తన రాగి చెంబులో నీళ్లు తప్ప ఇంకెవరి నీళ్లూ తాగని మనిషి, ఆ రోజు చెంబు ఇంట్లో మర్చిపోయారు. దాచేపల్లి నుంచి వచ్చినామె పక్క కుర్చీలో ఉంది, ఆమె భర్త చెయ్యి కాలిపోయి లోపల వార్డులో ఉన్నాడు. ఆమె తన సీసా మూత తీసి ఈయన ముందు పెట్టింది.

"తాగు పెద్దాయనా. నువ్వు పడిపోతే మీవాడిని ఎవరు చూస్తారు?"

నాన్నగారు సీసా సగం ఖాళీ చేశారట. మూతి తుడుచుకుని, "మీ ఆయన పేరేమిటమ్మా? రేపు అభిషేకంలో చెబుతాను," అన్నారు.

"మేం చర్చికి పోతామండి. ఆయన పేరు అబ్రహాం."

"సరే, అబ్రహామనే చెబుతాను."

చెప్పారని తర్వాత పక్క ఊరి అర్చకుడు నాతో అన్నాడు, కొంచెం కంగారుగా.

స్పృహ వచ్చాక డాక్టరమ్మ చెప్పింది. గడ్డకట్టిన ముక్క కోసేసింది, కొసలు అందలేదు, కాలి నుంచి చిన్న సిర ముక్క తెచ్చి మధ్యలో పెట్టి రెండు వైపులా చేత్తోనే కుట్టింది. రింగు సైజు కుదరలేదు. మా దగ్గరా అంతే. చెడ్డ దారం పోయి మంచి దారం వచ్చేదాకా కోసి, అప్పుడు అతుకుతాం.

"అంటే ముందు ఒక అతుకున్న చోట ఇప్పుడు రెండున్నాయి," అన్నాను.

"అవును."

"ఒకదాన్ని నమ్మితేనే ఇలా అయిందండి."

"నమ్మకండి. చూస్తూ ఉండండి. నొక్కకండి."

చూసే పని నాన్నగారు తీసుకున్నారు. తెల్లవారుజామున అభిషేకం ముగించి, మిగతా పూజలు పక్క ఊరి అర్చకుడికి అప్పజెప్పి, వారం రోజులు పొద్దున్నే బస్సు దిగి, ఆ స్టూలు మీద కూర్చున్నారు. బజార్లో కుంకుమ కొంటే కల్తీ ఉందేమోనని వేలికి రాసి, వెలుతురులో తిప్పి, షాపువాడితో పోట్లాడే మనిషి. అనుమానం మా వంశంలో నాతో మొదలైంది కాదు. సిస్టర్ కూడా చివరికి ఆయన్నే అడిగేది, "పెద్దాయనా, ఏ రంగు?" అని. "కుంకుమే," అనేవారు. గంటకోసారి అదే మాట, అదే గొంతు. ఆ మాట విని నేను నిద్రపోయేవాణ్ని.

వేలు ఆయనకి నచ్చలేదని నేనన్న మాట గురించి మేం మాట్లాడుకోలేదు. మా ఇంట్లో క్షమించమని అడగడం అలవాటు లేదు, కాఫీ కలిపి ఇస్తాం. ఆ గదిలో కాఫీ నిషేధం.

మే నుంచి ఎక్సర్‌సైజులు. ఒక గిన్నెలోంచి ఇంకో గిన్నెలోకి పత్తిగింజలు ఒక్కొక్కటే కొత్త వేలితో ఎత్తి వేయాలి. మొదటి రోజు మూడు గింజలకే చెమట పట్టింది. స్పర్శ నెమ్మదిగా వచ్చింది, మొదట్లో చేతికి ఏదైనా తగిలితే కాలికి తగిలినట్టుండేది. మిల్లుకి వెళ్లిన రోజు హాజరు మెషిన్ నా బొటనవేలి ముద్ర తీసుకోలేదు. నాలుగుసార్లు పెట్టాను, నాలుగుసార్లూ ఎవరు నువ్వంది.

"చెప్పు విప్పి పెట్టరా పంతులూ, తీసుకుంటది," అన్నాడు వెనక నిలబడ్డ దేవదానం.

ఆ మధ్యాహ్నం ఒక దారం అతుకుని రెండు చేతుల్తో పట్టి లాగాను. దారం వేరేచోట తెగింది. అతుకు నిలిచింది. వేలూ నిలిచింది. పక్కనున్న దేవదానం అటు తిరిగి మెషిన్ తుడవసాగాడు, దూదితో.

కార్తీకంలో ఊరెళ్లాను. సోమవారం, గుడి నిండా జనం. తీర్థం వరసలో నిలబడ్డాను. ఊరందరికీ సంగతి తెలుసు. నా ముందువాళ్లు వెనక్కి తిరిగి, మొహం పలకరించి వేలిని చూస్తున్నారు. నాన్నగారు ఉద్ధరిణెతో ఒక్కొక్కరికీ పోస్తూ నా దాకా వచ్చారు. కాలి వేలున్న చెయ్యి ఆయన ముందు చాపడం అదే మొదటిసారి. ఆయన మా ఇంటికి వచ్చిన రోజుల్లోనూ అన్నం వేరే వేళకి తిన్నాను, కావాలనే.

అరచెయ్యి గుంట చేసి, బొటనవేలు వంచబోయాను. అది సగమే వంగింది. ఆయన తీర్థం పోశారు. నీళ్లు ఆ సందులోంచి మణికట్టు మీదుగా మోచేతికి పోయాయి. ఇంకో ఉద్ధరిణె పోశారు. అవీ పోయాయి. ఆయన వంగి, నా వేలిని మొదటిసారి తన చేత్తో పట్టుకుని, కొంచెం లోపలికి వంచి, మూడోసారి పోశారు. ఆయన చెయ్యి ఉన్నంతసేపు నిలిచాయి, తీయగానే కారిపోయాయి.

నాన్నగారు ఉద్ధరిణె చెంబులో పడేసి, వరసంతా వినేలా అన్నారు.

"నీళ్లు నిలవడం లేదురా. అది సరిగ్గా వంగేదాకా నేను చచ్చే పని పెట్టుకోను. పోయి ఎక్సర్‌సైజు చెయ్యి."